అమ్మమ్మ వాళ్లమ్మ పేరు

పాత ఇళ్లలో ట్రంకుపెట్టె అడుగున వంశవృక్షం రాసిన కాగితం ఒకటి దొరుకుతుంటుంది. మడతల దగ్గర చిరిగి, సిరా వెలిసిపోయి ఉంటుంది. పైన మూలపురుషుడు, కింద ఆయన కొడుకులు, వాళ్ల కొడుకులు. ఆడపిల్లల దగ్గరికి వచ్చేసరికి రాత మారిపోతుంది. ‘కుమార్తె, నిడదవోలు ఇచ్చారు’ అని ఊరి పేరు ఉంటుంది, పిల్ల పేరు ఉండదు. తర్పణాలు వదిలే ఇళ్లలో కనీసం మాతామహి అని అమ్మమ్మను తలుస్తారు. ఆ పైమెట్టులో వచ్చేది మాత్రం అమ్మకు నాయనమ్మ. అమ్మమ్మను కన్నతల్లికి ఆ మంత్రంలో చోటు లేదు.

మనిషి ఎక్కడ పుట్టి ఏ దారిన ఈ భూమంతా పరుచుకున్నాడో వెతికిన శాస్త్రవేత్తలకు మొదట దొరికింది సరిగ్గా మంత్రంలో చోటు లేని ఆ తల్లుల దారే. మన కణాల్లో మైటోకాండ్రియా అనే చిన్న భాగాలుంటాయి. వాటికి సొంత డీఎన్ఏ ఉంది, చిన్నది, 16,569 అక్షరాలు. అది తల్లి దగ్గర నుంచే వస్తుంది. కొడుక్కీ వస్తుంది కానీ అతనితోనే ఆగిపోతుంది. కూతురు తన పిల్లలకు అందిస్తుంది. పెళ్లి పెళ్లికీ ఇంటిపేరు మార్చుకుంటూ, ఊరు మారుతూ వచ్చిన ఆడవాళ్ల వరస అది.

ఆ అక్షరాలను చదివే పద్ధతి తాళపత్రాలు పరిష్కరించిన మన పండితులకు కొత్తది కాదు. వేమన పద్యాల కోసం సి.పి. బ్రౌన్ ఎన్నో చోట్ల నుంచి ప్రతులు తెప్పించి పండితుల చేత సరిచూయించాడు. రాయసగాడు ఒకచోట పొరపాటున అక్షరం మారిస్తే, ఆ ప్రతి చూసి రాసుకున్న వాళ్లందరి దగ్గరా అదే తప్పు ఉంటుంది. రెండు ప్రతుల్లో ఒకే తప్పు కనిపించిందంటే రెండింటికీ మాతృక ఒకటే అని తేలుతుంది. డీఎన్ఏలోనూ అంతే. తరతరానికీ నకలు దిగుతుంటే ఎప్పుడో ఒకప్పుడు ఒక అక్షరం తప్పిపోతుంది. ఆ తప్పే ఆ కుటుంబానికి గుర్తు.

1987లో అమెరికాలోని బర్కిలీలో రెబెకా కాన్, మార్క్ స్టోన్‌కింగ్, అలన్ విల్సన్ ఇలా 147 మంది తల్లి వరసలను పోల్చారు. వాళ్లకు డీఎన్ఏ ఎక్కువగా దొరికింది కాన్పు తర్వాత పడే మాయలో. అన్ని వరసలూ వెనక్కి వెళ్లి సుమారు 2 లక్షల ఏళ్ల కిందటి ఒక ఆఫ్రికా స్త్రీ దగ్గర కలుస్తున్నాయని చెప్పారు. అప్పుడు భూమి మీద ఆమె ఒక్కతే ఉందని కాదు. మిగతా ఆడవాళ్ల వరసలు ఎక్కడో ఒకచోట కూతుళ్లు లేక ఆగిపోయాయి. కొడుకులు లేక మన ఇంటిపేర్లు ఆగిపోయినట్టే.

ఇలా తల్లి వరస చదివే పని మన దగ్గరా జరిగింది. హైదరాబాద్ హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి ఒకసారి గోవా నుంచి ఎముక ముక్కలు వచ్చాయి. జార్జియా దేశపు రాణి కెటెవాన్‌ను 1624లో పర్షియాలోని షిరాజ్‌లో చంపారు. మతం మారడానికి ఆమె ఒప్పుకోలేదు. ఆమె అవశేషాల్లో కొంత భాగాన్ని క్రైస్తవ సన్యాసులు 1627లో గోవా తెచ్చి అక్కడి సెయింట్ అగస్టీన్ చర్చిలో ఉంచారని పోర్చుగీసు రాతల్లో ఉంది. ఆ చర్చి కూలి శిథిలమైంది. 2004లో పురావస్తు శాఖ తవ్వకాల్లో ఎముకలు బయటపడ్డాయి. సీసీఎంబీలో శాస్త్రవేత్త తంగరాజ్ బృందం ఒక ఎముకలోంచి తల్లి వరస చదివింది. తమ దగ్గరున్న 22,000 మంది భారతీయుల నమూనాల్లో అలాంటిది ఒక్కటీ లేదు. జార్జియా వాళ్లు 30 మందిని చూస్తే ఇద్దరిలో ఉంది. ఆ ఎముక రాణిదే అయ్యుంటుందని 2013లో ప్రకటించారు. 2021లో మన దేశం దాన్ని జార్జియాకు అప్పగించింది. దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాత ఆమెను సొంత గడ్డకు చేర్చింది కిరీటం కాదు, శాసనం కాదు. వాళ్లమ్మ ఇచ్చిన నాలుగు అక్షరాలు.

మన సంగతికి వస్తే, భారతీయుల తల్లి వరసల్లో చాలావరకు ఈ నేల మీద ఎన్నో వేల ఏళ్లుగా పాతుకున్నవే. తండ్రి నుంచి కొడుక్కి దిగే మగ వరసల్లో తర్వాత వచ్చి చేరినవి ఎక్కువ కనిపిస్తాయి. వచ్చినవాళ్లలో మగవాళ్లు ఎక్కువ, ఇక్కడి ఆడవాళ్లతో కాపురాలు పెట్టారు అన్నమాట. 2009లో సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ కలిసి చేసిన పరిశోధన, 2013లో దానికి కొనసాగింపు చెప్పినది ఇదీ: సుమారు 4,200 ఏళ్ల నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా ఈ దేశంలో ఉత్తరాది మూలం, దక్షిణాది మూలం విపరీతంగా కలిశాయి. పై కులమనీ కింది కులమనీ లేదు, కొండల్లో ఉన్నవాళ్లూ మినహాయింపు కాదు. నిష్పత్తి తేడాయే. ఆ తర్వాత తలుపులు మూసుకున్నాయి. ఎవరి పిల్లను వాళ్లలోనే ఇచ్చుకోవడం మొదలైంది.

ఎంత గట్టిగా మూసుకున్నాయో చెప్పడానికి ఆ పరిశోధకులు చూపించిన ఉదాహరణల్లో ఒకటి మన ఆంధ్రలోదే. వైశ్యులు. నూరు తరాలకు పైగా బయటి సంబంధం దాదాపు లేకుండా గడిచిందని వాళ్ల జన్యువులు చెబుతున్నాయి. దీని పర్యవసానం పుస్తకాల్లో కంటే ముందు ఆపరేషన్ థియేటర్లలో కనిపించింది. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు వాడతారు. మామూలుగా కొద్ది నిమిషాల్లో దాని ప్రభావం పోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైము ఒంట్లో లేనివాళ్లకు గంటల తరబడి పోదు. ఆపరేషన్ అయిపోయినా మనిషి తనంత తానుగా ఊపిరి తీసుకోలేడు, వెంటిలేటర్ మీద ఉంచాలి. ఆ లోపం వీళ్లలో ఎక్కువ. అందుకే అనుభవం ఉన్న మత్తు డాక్టరు ముందుగానే అడుగుతాడు, ‘మీరేవిట్లండీ’ అని. కులం అడగడం మంచికే పనికొచ్చే చోటు బహుశా అదొక్కటే.

ఇది ఒక్క కులం సంగతి కాదు. 2017లో దక్షిణాసియాలో 263 సమూహాలను పరీక్షిస్తే 81 సమూహాల్లో ఇలాంటి బిగింపే కనిపించింది. మనం మేనరికాలు మానేశాం కదా, ఇంకేం భయం లేదనుకుంటాం. వేరే గోత్రం, వేరే జిల్లా, ముఖపరిచయం కూడా లేని కుటుంబం. అయినా ఇరవై, ముప్ఫై తరాల వెనక ఇద్దరికీ ఒకే తాత ఉంటే, ఆయనలోని లోపం రెండు వైపుల నుంచీ వచ్చి ఒక పసిబిడ్డలో కలుసుకోవచ్చు. తూర్పు ఐరోపా మూలాలున్న యూదుల్లో పిల్లలను పొట్టన పెట్టుకునే టే-శాక్స్ జబ్బు ఇలాగే ఉండేది. సంబంధం ఖాయం చేసుకునే ముందే రక్తపరీక్ష చేయించుకోవడం వాళ్లు అలవాటుగా మార్చుకున్నారు, ఆ జబ్బుతో పుట్టే పిల్లలు చాలా అరుదైపోయారు. పెళ్లిచూపుల ముందు నక్షత్రం, పాదం, కుజదోషం ఇంత శ్రద్ధగా చూసుకునే మనకు ఇంకొక్క కాగితం చూసుకోవడం కష్టం కాకూడదు.

ఈ పరిశోధనలు అచ్చయినప్పుడల్లా జరిగే రభస చూస్తే బాధగా ఉంటుంది. మేం ముందొచ్చాం, మీరు తర్వాతొచ్చారు అని తగవు. 2019లో హరియాణాలోని సింధు నాగరికత నాటి రాఖీగఢీ సమాధి ఫలితం వచ్చినప్పుడూ అదే జరిగింది. మన ఎండలకు పాత ఎముకల్లో డీఎన్ఏ మిగలడం గగనం. అక్కడ 60కి పైగా నమూనాలు తీస్తే ఒక్కదాంట్లోనే చదవగలిగినంత దొరికింది. అది ఒక స్త్రీది. నాలుగు వేల ఏళ్ల పైమాటే. ఆమెలో మధ్య ఆసియా వైపు స్టెప్ గడ్డిమైదానాల నుంచి వచ్చిన వాళ్ల ఛాయ లేదు. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని ఎవరికి కావలసిన అర్థం వాళ్లు చెప్పుకున్నారు. ఇక్కడి వాళ్లే బయటికి వెళ్లారని కొందరు, బయటి వాళ్లు తర్వాత వచ్చారనడానికి ఇదే రుజువని కొందరు.

ఆ గొడవలో ఆమె సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఉత్తర దక్షిణాలుగా పడుకోబెట్టి, తల దగ్గర కుండలు పెట్టి సాగనంపారు ఆమెను. ఒక కుండ అంచు కింద చిన్న చిన్న నొక్కులు ఉన్నాయి. పేరు తెలీదు, పిల్లలున్నారో లేదో తెలీదు. ఆమెకు వాళ్లమ్మ నుంచి వచ్చిన వరసను మాత్రం చదివారు. శాస్త్రవేత్తలు దానికి యూ2బీ2 అని పేరు పెట్టుకున్నారు. ఆ వరస ఇప్పటికీ ఉంది, దాదాపు మన ఉపఖండంలోనే. ఈ పూట కూడా ఎక్కడో ఒక ప్రసూతి వార్డులో ఒక తల్లి నుంచి కూతురికి దిగుతూనే ఉంటుంది.