గట్టు ఎవరి ఎత్తు?

మా వంటగది పగలగొట్టి నేటికి 22 రోజులు. పాత కడప బండలు వెళ్లిపోయాయి, కొత్త పైపులు పడ్డాయి, నేలమీద టైల్స్ అయ్యాయి. వంట మాత్రం వెనక వరండాలో, బల్లమీద సాగుతోంది. గాలికి స్టవ్వు ఆరిపోతుంటుంది. పోపులపెట్టె ఏ అట్టపెట్టెలో ఉందో దేవుడికే తెలియాలి. ఇంటిపని పెట్టుకున్న వాళ్లందరికీ ఇవన్నీ అనుభవమే కాబట్టి ఎక్కువ చెప్పను. చెప్పాల్సింది గట్టు సంగతి.

విజయవాడలో ఈ ఇల్లు మామయ్యగారు 1989లో కట్టించారు. అప్పట్లో మేస్త్రి ఎంత ఎత్తు కడితే అదే గట్టు. మా అత్తయ్య నాలుగడుగుల పది అంగుళాలు. పులిహోర కలపాలన్నా, పప్పు మెదపాలన్నా చెక్కపీట వేసుకుని దానిమీద నిలబడేవారు. ఆ పీట నడిమధ్యన నున్నగా అరిగిపోయింది.

మాడ్యులర్ కిచెన్ కుర్రాడొచ్చి లేజరుతో పది నిమిషాల్లో గోడలన్నీ కొలిచాడు. కిటికీ కొలిచాడు, ఫ్రిజ్ కొలిచాడు. కంప్యూటర్లో రంగురంగుల బొమ్మ చూపించాడు. గట్టు ఎత్తెంత బాబూ అంటే "స్టాండర్డ్ మేడమ్, 34 అంగుళాలు" అన్నాడు. ఎవరి స్టాండర్డు అనడిగితే నవ్వాడు. వంట చేసే మనుషుల్ని మాత్రం కొలవలేదు.

నిజానికి దీనికి పెద్ద చదువేం అక్కర్లేదు. నిటారుగా నిలబడి, మోచెయ్యి మడిచి, నేల నుంచి మోచేతి దాకా టేపు పెట్టండి. కూరలు తరిగేచోట గట్టు అంతకంటే నాలుగైదు అంగుళాలు కిందుంటే భుజాలు పైకి లేవవు, నడుం వంగదు. పొయ్యి దగ్గర ఇంకాస్త తగ్గాలి. గట్టుమీద స్టవ్వు, స్టవ్వుమీద కుక్కరో మూకుడో ఉంటుంది కదా! గరిటె తిప్పేది గిన్నె అంచు మీదనుంచి. సింకు దగ్గర లెక్క తిరగబడుతుంది. అక్కడ చేతులు పనిచేసేది గుంట అడుగున, కాబట్టి గట్టు ఎత్తుగా ఉండాలి. మనమేమో ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే బండ పరిచేస్తాం.

టేపు పెడితే అత్తయ్య మోచెయ్యి 36 అంగుళాల దగ్గర, నాది 40 దగ్గర తేలాయి. "నేనింకెన్నాళ్లు చేస్తానమ్మాయ్, నీ ఎత్తుకే కట్టించుకో. నాకు పీట ఉందిగా" అన్నారావిడ. వయసు 74, మోకాళ్లు నొప్పులు. పీటెక్కి మరిగే నూనె ముందు నిలబడ్డం తలుచుకుంటేనే నాకు భయం. అలాగని వంట మానేస్తారా అంటే, పొద్దున డికాక్షన్ దగ్గర్నుంచి అన్నిట్లో ఆవిడ చెయ్యి పడాల్సిందే. 34 అంగుళాల గట్టు కట్టడమంటే ఆవిణ్ణి వంటగదిలోంచి మర్యాదగా పంపించెయ్యడమే.

అందుకే పొయ్యి వైపు 30, సింకు వైపు 34 అన్నాను. "మెట్లమెట్ల గట్టయితే రేపు ఇల్లమ్మాలంటే ఎవరు కొంటారు?" అన్నారు మావారు. అమ్మబోయే ఇంటికి ఇప్పుడీ లక్షలెందుకో నాకర్థం కాలేదు. మేస్త్రి అభ్యంతరంలో మాత్రం పస ఉంది. "సింకు నీళ్లు పొయ్యి వైపు దిగుతాయమ్మా" అన్నాడు. పై గట్టు చివర అర అంగుళం గ్రానైట్ పట్టీ నిలబెట్టి నీళ్లు ఆపమన్నాం. గట్టు తగ్గితే సిలిండరు పడుతుందా అని మరో అనుమానం. కొలిస్తే సరిపోయింది. స్టవ్వెప్పుడూ సిలిండరు కంటే పైనే ఉండాలి. గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేలమీద పేరుకుంటుంది. అందుకని కింది తలుపులకు అడుగున రంధ్రాలు పెట్టించాం.

ఈ మాడ్యులర్ కిచెన్లకు ముత్తవ్వలాంటిది 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఇళ్లకోసం తయారైంది. గీసింది మార్గరెటె షుట్టె లిహోట్‌స్కీ అనే ఆర్కిటెక్టు. 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు, అంతే గది. అందులో కిటికీ దగ్గర పనిబల్ల, కూర్చోడానికి తిరిగే స్టూలు ఉండేవి. మనం సొరుగులూ బుట్టలూ తెచ్చుకున్నాం, స్టూలు వదిలేశాం. కత్తిపీట ముందు కూర్చుని తరిగిన ఇళ్లలో అది కదా ముందు రావాల్సింది! మా గట్టు కింద లాగితే బయటికొచ్చే పలక ఒకటి 27 అంగుళాల ఎత్తులో పెట్టమన్నాను. కుర్చీ వేసుకుని కూరలు తరుక్కోవచ్చు. వడ్రంగికి ఇదేదో కొత్తగా ఉందిగానీ కాదనలేదు.

బుధవారం గ్రానైట్ వస్తుంది. నిన్న సాయంత్రం గట్టు గోడలమీద పాత తలుపుచెక్క వేసి, బండ మందం లెక్క చూసుకుని, స్టవ్వూ ఖాళీ కుక్కరూ పెట్టాం. అత్తయ్య వచ్చి నిలబడి, గరిటె తిప్పి చూశారు. ఇటు జరిగి తిప్పారు, అటు జరిగి తిప్పారు. "ఇంకో అంగుళం తగ్గించమను" అన్నారు.

మేస్త్రి గొణుక్కుంటూనే పై వరస ఇటుకలు ఊడదీశాడు.