మండలములో మొదటి ముగ్గురికి సీటు

పదవ తరగతి ఫలితములు వెలువడిన కొద్దిరోజులకే నర్సీపట్నము అబీద్ సెంటరులో కొత్త ఫ్లెక్సీలు లేచును. చుట్టుప్రక్కల పల్లెల బాలబాలికల పాస్‌పోర్టు ఫోటోలు వాటిపై వరుసలు తీరియుండగా, ఒక్కొక్క ముఖము క్రింద 591, 588, 585 అను అంకెలు ఆ ముఖముకంటె పెద్దవిగా అచ్చుపడి దర్శనమిచ్చును. ర్యాంకుల ప్రకటనలను ప్రభుత్వము 2022లోనే నిషేధించినది గదా యని అడిగినవారికి, ఇవి ర్యాంకులు కావండీ, మార్కులండీ అను సమాధానము సిద్ధముగనే యుండును. గొలుగొండనుండి ఎరువుల పనిమీద వచ్చిన తండ్రి ఆ ఫ్లెక్సీ క్రింద కొంతసేపు నిలిచి, పై యేడు తన కుమార్తెను జిల్లా పరిషత్ బడి మాన్పించి యెచ్చట చేర్పవలెనో, అందులకై యెవరివద్ద అప్పు తేవలెనో అచ్చటనే తలపోయును.

ర్యాంకను ముద్ర బిడ్డకు పదవ తరగతిలో కొత్తగా పడునది కాదు. ప్రైవేటు పాఠశాలలో మూడవ తరగతి ప్రోగ్రెస్ కార్డునందే, మార్కుల మొత్తము క్రింద చిన్న గడి యొకటి యుండును. తెలుగెట్లు వ్రాసెను, లెక్క యెచ్చట తప్పెను అని చూడని తల్లిదండ్రుల చూపు కూడ తిన్నగా ఆ గడిపైననే వ్రాలును. ఆరవ తరగతికి వచ్చునప్పటికి ఫౌండేషన్ బ్యాచి, ఒలింపియాడ్ బ్యాచి అని సెక్షనులు విడిపోవును. వారాంతపు పరీక్షలో రెండుసార్లు వెనుకబడిన పిల్లవాడు తన పుస్తకముల సంచితో క్రింది సెక్షనుకు నడచిపోవుచుండ తక్కిన నలుబదిమందియు చూతురు. తొమ్మిదవ తరగతి గడవకమున్నే కార్పొరేటు కళాశాలల పీఆర్వోలు ఇంటికి వచ్చి, ఇప్పుడే సీటు బుక్ చేసికొన్నచో ఫీజులో కన్సెషను కలదని చెప్పుదురు. ఇదంతయు బిడ్డ భవిష్యత్తు కొరకేయని పెద్దలు నమ్ముదురు. నమ్మిన పెద్దలను తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. వారికి మరియొక దారి యెవరును చూపలేదు.

అయితే ఇంత క్షోభకు కారణమైన ఆ తరగతి ర్యాంకునకు కళాశాల ప్రవేశములో గల విలువ యెంత? శూన్యము. మన రాష్ట్రమున ఇంజనీరింగు సీటును నిర్ణయించునది, ఈఏపీసెట్‌లో మూడు గంటలలో ఎదుర్కొనవలసిన 160 ప్రశ్నలకు ముప్పాతిక, ఇంటర్ ప్రధాన విషయముల మార్కులకు పాతిక చొప్పున కట్టిన లెక్క. తెలంగాణ ప్రభుత్వము 2023లో ఆ పాతికను సైతము తొలగించి, భారమంతయు ప్రవేశపరీక్షపైననే మోపినది. బడిలో ఎవడు మొదటివాడో, ఎవడు కడపటివాడో ఈ లెక్కలో ఎక్కడను అడుగరు. కావున పదేండ్లపాటు పిల్లలను ఏడిపించిన సంఖ్య పదునొకండవ యేట చెల్లని కాసగును. దానివలన ప్రయోజనము పొందినది పాఠశాల వ్యాపారము మాత్రమే.

నేను చెప్పదలచినది ఇచ్చటనే యున్నది. తరగతి ర్యాంకును రద్దు చేయవలెనని పలువురు సజ్జనులు కోరుచున్నారు. ఎనిమిదేండ్ల పసిబిడ్డకు దానిని అంటగట్టుట మానవలెననుటలో నేనును వారి పక్షమే. కాని పదవ తరగతి ముగింపున, ఒకే బడిలో, ఒకే పంతుళ్ల యొద్ద, ఒకే విధమైన లేమినడుమ చదివినవారిలో ముందు నిలిచినదెవరు అను ప్రశ్న మాత్రము న్యాయమైన ప్రశ్న. రాష్ట్రవ్యాప్తమైన ర్యాంకుకంటె న్యాయమైనది. రాష్ట్రపు ర్యాంకు బిడ్డ తెలివితోబాటు తండ్రి ఆదాయమును, హాస్టలు ఫీజును, గ్రాండ్ టెస్టుల సంఖ్యను కలిపి తూచును. తోటివారి నడుమ పొందిన స్థానములో ఈ కల్తీ మిగుల తక్కువ.

గొలుగొండ మండలమునే చూడుడు. మన్యపు కొండలు మైదానమునకు దిగివచ్చు అంచున, అల్లూరి సీతారామరాజు సమాధి గల కృష్ణదేవిపేటను తనలో కలుపుకొన్న సీమ ఇది. ఇచ్చట జీడితోటలలో పిక్కలు రాలు కాలమును, పదవ తరగతి పబ్లిక్ పరీక్షల కాలమును ఒక్కటే, మార్చి నెల. తెల్లవారుజామున తల్లితోగూడి తోటకు పోయి, పండునుండి పిక్కను మెలిపెట్టి వేరుచేసి, చేతులకంటిన జీడి మరక వదలకయే హాల్ టికెట్టు పట్టుకొని పరీక్షకు కూర్చుండు బాలిక 530 మార్కులు తెచ్చుకొన్నదనుకొందము. విశాఖపట్నములో రాత్రి పదింటివరకు స్టడీ అవరులో కూర్చుండి, ఒకే పాఠముపై పది స్లిప్ టెస్టులు వ్రాసిన బాలుడు 570 తెచ్చుకొన్నాడనుకొందము. రాష్ట్రపు పట్టికలో ఆ బాలిక పదివేలమంది వెనుక ఎచ్చటనో పడిపోవును. తన మండలపు సర్కారు బడుల పట్టికలోనో, ముందు వరుసలో నుండును. ఈ రెండు పట్టికలలో ఏది ఆమె శక్తిని సరిగా చెప్పుచున్నదో పంతులైనవానికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ సూత్రము మనకు కొత్తది కాదు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రతి ప్రాంతపు కళాశాలలలో నూటికి 85 సీట్లను ఆ ప్రాంతపు స్థానిక విద్యార్థులకే కేటాయించినది. ఐఐటీ ప్రవేశమునకు ఇంటరులో 75 శాతము మార్కులు రానివాడు, తన బోర్డు పరీక్షలో ఉత్తీర్ణులైనవారిలో పైనున్న ఇరువది శాతములో నిలిచినను అర్హుడే. 2013 మొదలు 2016 వరకు ఎన్‌ఐటీల ర్యాంకులో నూటికి నలుబది పాళ్లు ఇంటర్ మార్కులకిచ్చి, ఆ మార్కులను కూడ విద్యార్థి తన బోర్డువారిలో పొందిన స్థానమునుబట్టియే సరిచేసి లెక్కించిరి. 2017లో ఆ పద్ధతి పోయినది. ప్రాంతమును, బోర్డును మేరగా గీసికొనుటకు వెనుదీయని మనము, మండలము దగ్గరకు వచ్చునప్పటికి మాత్రము ఆగిపోయితిమి.

ఆగిపోయితిమనుట యొకింత అన్యాయమేమో. గ్రామీణ ప్రతిభావంతుల కొరకని 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమును, జనులు ట్రిపుల్ ఐటీ యని పిలుచుదానిని, స్థాపించి, ప్రవేశపరీక్ష లేకయే పదవ తరగతి ఫలితములనుబట్టి ఆరేండ్ల చదువునకు పిల్లలను చేర్చుకొనిరి. సర్కారు బడులలో చదివినవారి గ్రేడు సగటునకు 0.4 పాయింటు అదనముగా కలిపిరి. దానికి పెట్టిన డిప్రివేషన్ స్కోరు అను పేరు వినుటకు కటువుగా నున్నను, లేమికి కూడ ఒక లెక్క కలదని ప్రభుత్వము ఒప్పుకొన్న అరుదైన సందర్భమది. తెలుగు మీడియములో చదివి నూజివీడుకో, ఇడుపులపాయకో పోయిన పిల్లలు మొదటి సెమిస్టరు ఇంగ్లీషు పాఠములకు బెదరిరి. పిదప నిలదొక్కుకొని ఇంజనీర్లైరి. కాని పదవ తరగతిలో మార్కులకు బదులు గ్రేడులిచ్చిన కాలమున పదికి పది తెచ్చుకొన్నవారు వేలసంఖ్యలో నుండగా, సమానులను విడదీయుటకు గణితపు గ్రేడు, విజ్ఞానశాస్త్రపు గ్రేడు చూచి, అప్పటికిని తేలనిచో పుట్టిన తేదీవరకు పోవలసివచ్చెను. రాష్ట్రమంతటికి ఒకే వరుస కట్టుటవలన వచ్చిన చిక్కు ఇది.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రము ఈ విషయమున మనకంటె ఒక అడుగు ముందుకు వేసినది. 1997లో అచ్చటి శాసనసభ, ప్రతి ఉన్నత పాఠశాలలోను పైనున్న పదిశాతము విద్యార్థులకు రాష్ట్రపు సర్కారు విశ్వవిద్యాలయములలో ప్రవేశము తప్పక యీయవలెనని చట్టము చేసినది. ఆస్టిన్ విశ్వవిద్యాలయమునకు తాకిడి యెక్కువగుటచే 2009లో దానికి సడలింపు నిచ్చిరి. నేడచ్చట ఆ మేర అయిదుశాతమునకు దిగినది. మనవారు విశేషముగా కాపురముండు ఫ్రిస్కో, ప్లేనో వంటి డల్లాస్ శివారులలో, పిల్లలందరును బాగుగ చదువు బడిలో పండ్రెండవ శాతమున నిలిచిన కుమారుని జూచి తెలుగు తండ్రి వాపోవుట సహజమే. ఆయన బాధ నిజమైనదే. కాని ఆ కుమారునికి వేరు తలుపులు పెక్కు కలవు, మెక్సికో సరిహద్దు పల్లెలో మొదట నిలిచిన బిడ్డకు మాత్రము ఆ చట్టమొక్కటియే తలుపు.

ఇప్పుడు మన లెక్క చూతము. ట్రిపుల్ ఐటీ నాలుగు ప్రాంగణములలో ఒక్కొక్కదానికి వేయికి పైగా సీట్లు కలవు. రాష్ట్రమున మండలములు రమారమి 680. ప్రతి మండలపు సర్కారు బడులలో చదివినవారిలో మొదటి ముగ్గురికి సీటు ఖాయము చేసినచో రెండువేల పైచిలుకు సీట్లు పోవును, ఇంచుమించు సగము. మిగిలిన సగమును నేటివలెనే రాష్ట్రపు వరుసనుబట్టి యీయవచ్చును. రిజర్వేషనుల నిష్పత్తిని మొత్తముమీద సరిచూచుకొనుట కష్టమైన పనియే గాని, కౌన్సెలింగు కంప్యూటరునకు మించిన పని కాదు.

సులువుగా సీటు వచ్చునని పట్నపువారు పిల్లలను కొండ అంచు బడులలో పేరునకు చేర్తురేమో యను శంక సమంజసమైనదే. దానికి మందు 1974 నాటి ఉత్తర్వులోనే యున్నది: స్థానికుడనుటకు నాలుగేండ్ల వరుస చదువు కావలెనన్నట్లు, ఇచ్చటను ఏడు మొదలు పదివరకు ఆ మండలపు బడిలోనే చదివియుండవలెనని విధింపవచ్చును. ఒకవేళ కలిగినవారి పిల్లలు కొందరు నిజముగనే వచ్చి గొలుగొండ బడిలో నాలుగేండ్లు కూర్చుండిరేని, ఆ బడికి లెక్కల పంతులు లేడని అడుగువారు కొందరు పెరుగుదురు. అది నష్టమని నేననుకొనను.

మండలపు పోటీ ఊరిలోని స్నేహములను చెరచునన్నది మరియొక ఆక్షేపణ. పోటీ ఇప్పుడును లేకపోలేదు. అయితే నేటి పోటీలో గెలిచినవాడు ఫ్లెక్సీకెక్కును, ఓడినవాడు క్రింది సెక్షనునకు దిగును. అంతకుమించి ఎవనికిని ఏమియు దక్కదు.

ఈ పట్టిక కట్టుటకు కొత్త పరీక్ష అక్కరలేదు, కొత్త కార్యాలయమును అక్కరలేదు. ఏ బిడ్డ ఏ బడిలో చదివినదో, ఆ బడి ఏ మండలములోనిదో విద్యాశాఖ కంప్యూటరులలో ఇప్పటికే కలదు. ఫలితముల తరువాత విశ్వవిద్యాలయము ఏటేట వెలువరించు ప్రవేశ ప్రకటనలో నిబంధన యొకటి చేర్చవలెను. పదవ తరగతి ఫలితములు తెలిసిననాడే మండల విద్యాశాఖాధికారి తన మండలపు మొదటి ముగ్గురి ఇండ్లకు వర్తమానము పంపవలెను, ఏలయన అట్టి ఇండ్లలో దరఖాస్తు గడువు సంగతి తెలియకయే పోయిన సీట్లు పెక్కు.