నర్సింగ్ చదువు – తాకట్టులో సర్టిఫికెట్లు

కరువు సీమలో ఇంటర్ పాసయిన ఆడపిల్ల ముందు ఎన్నో దారులు లేవు. ఒకటి పెళ్లి. ఇంకొకటి, కొన్నేళ్లుగా ఊరూరా వినిపిస్తున్నది, నర్సింగ్. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పంట పోయిన ఏడు ఇంటికి తాళం వేసి గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోతారు. కడప, రాయచోటి వైపు తల్లులు ఖద్దామా వీసా మీద కువైట్‌కు పోయి అరబ్బుల ఇళ్లలో పాచిపని చేస్తారు. "నేను పోయిన మాదిరిగా నా బిడ్డ పోకూడదు, నర్సుగా పోవల్ల" అనే మాట నేను ఒకరి నోట కాదు, చాలామంది తల్లుల నోట విన్నాను. ఆ కోరికకు విలువ కట్టి అమ్మేవాళ్లు ఇప్పుడు పెరిగారు.

ఈ వృత్తిని మొదట తలకెత్తుకున్నది ఎవరో కూడా గుర్తు చేసుకోవాలి. జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్లు పెట్టిన క్యాంప్‌బెల్ ఆస్పత్రి వంటి చోట్ల రోగుల మలమూత్రాలు ఎత్తడానికి, పుండ్లు కడగడానికి ముందుకొచ్చినవాళ్లలో ఎక్కువమంది క్రైస్తవ స్త్రీలు, అందులోనూ దళితులు. అప్పుడు అది అంటుపని. విదేశాల జీతం కనిపించాక అందరికీ గౌరవమైన చదువైంది. మంచిదే. కానీ 'సేవ' అనే పేరు పెట్టి తక్కువ జీతానికి ఎక్కువ పని చేయించుకునే అలవాటు మాత్రం పోలేదు.

ఇక విశ్వవిద్యాలయాల సంగతి. 2016లో మన రాష్ట్రంలో ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం వచ్చింది. సీమలోనూ చిత్తూరులో, తిరుపతి దగ్గర, రాజంపేటలో ప్రైవేటు విశ్వవిద్యాలయాలు వెలిశాయి. విశాఖలోని గీతం, చెన్నైలోని శ్రీరామచంద్ర వంటి డీమ్డ్ సంస్థల్లో నర్సింగ్ విద్యాలయాలు ఇప్పటికే ఉన్నాయి. ఫలానా సంస్థ చెడ్డదని నేను అనడం లేదు. నా భయం ఆ ఏర్పాటు గురించే. మామూలు ప్రైవేటు నర్సింగ్ కాలేజీ ఎంత డబ్బు గుంజినా, పరీక్ష పెట్టేది విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం. యాజమాన్యానికి ఎదురు చెప్పిన పిల్లకు ఆ మేరకు బయట ఒక దిక్కు ఉంది. సొంత విశ్వవిద్యాలయమైతే ఫీజు వసూలు చేసేదీ, వార్డులో డ్యూటీ వేసేదీ, మార్కులు వేసేదీ, డిగ్రీ ఇచ్చేదీ ఒకే చెయ్యి. రేపు ఉద్యోగం ఇచ్చేది కూడా ఆ చెయ్యే కావచ్చు.

బి.ఎస్సీ. నర్సింగ్ పెట్టాలంటే కనీసం 100 పడకల మాతృ ఆస్పత్రి ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ నియమం. పిల్లలు రోగి పక్కన నిలబడి నేర్చుకోవాలని ఆ నియమం పెట్టారు. ఆస్పత్రి లెక్క వేరేగా ఉంటుంది. అరవైమంది పిల్లలుంటే అన్ని జతల చేతులు జీతం లేకుండా దొరికినట్టే. సెలైన్ మార్చడం, బెడ్‌షీట్లు వేయడం, రాత్రంతా ఒక్కతే వార్డు చూడడం, అన్నీ 'ప్రాక్టికల్స్' అయిపోతాయి. నేర్పే సిస్టర్ ఉన్నదా అని అడిగేవాళ్లుండరు. బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో 1973లో వార్డుబాయి దాడికి గురై, 2015లో చనిపోయేదాకా అదే ఆస్పత్రి మంచం మీద బతికిన అరుణా శాన్‌బాగ్ కూడా నర్సే. రక్షణ గురించి అడిగిన అమ్మాయిని 'పొగరు' అనేవాళ్లు ఈ పేరు ఒకసారి తలుచుకోవాలి.

పత్తికొండ వైపు అమ్మాయి ఒకతె మా దగ్గరకు వచ్చింది. డిగ్రీ పూర్తయింది. ప్రభుత్వం నుంచి రావలసిన ఫీజు రీయింబర్స్‌మెంట్ వాయిదాలు రాలేదు కాబట్టి ఆ డబ్బు నువ్వే కట్టు, లేకుంటే సర్టిఫికెట్లు ఇవ్వం అన్నారట. సర్టిఫికెట్లు లేనిదే రాష్ట్ర కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ కాదు. అది లేనిదే బయట ఎవరూ నర్సుగా తీసుకోరు. తీసుకుంటామన్నది ఒక్కరే, అదే యాజమాన్యం ఆస్పత్రి, వాళ్లు చెప్పిన జీతానికి. ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య ఉన్న బాకీకి ఈ పిల్లను కుదువబెట్టారన్నమాట! అమ్మ కువైట్‌లో పాస్‌పోర్టు సేఠ్ చేతికిచ్చింది, కూతురు ఇక్కడ పదో తరగతి మార్కుల జాబితా మేనేజరు చేతికిచ్చింది. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు, కాగితాలు ఇంకా వాళ్ల బీరువాలోనే ఉన్నాయి.

నిజానికి ఇది చట్టం ఒప్పుకునే పని కాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లను చూసి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలనీ, దగ్గర పెట్టుకోరాదనీ యూజీసీ 2018 అక్టోబరులోనే ఉత్తర్వు ఇచ్చింది. ప్రైవేటు విశ్వవిద్యాలయాలు కూడా దాని కిందికి వస్తాయి. లైంగిక వేధింపులపై విచారణ కమిటీ ఉండాలనీ, విద్యార్థుల ఫిర్యాదైతే విద్యార్థి ప్రతినిధులు కూడా అందులో కూర్చోవాలనీ 2015 నిబంధనలు చెబుతున్నాయి. జీతాల విషయంలో, సుప్రీంకోర్టు ఆదేశంతో వేసిన కమిటీ 2016లో ఏం చెప్పింది? 200 పడకలు దాటిన ప్రైవేటు ఆస్పత్రులు ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలి, 50 పడకలలోపు చిన్న ఆస్పత్రి అయినా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదు. అవి సిఫార్సులే, చట్టం కాదు. అందుకే కర్నూలులోనైనా కడపలోనైనా ఏ నర్సునైనా జీతం అడిగి చూడండి, ఈ అంకె పక్కన పెట్టి చూడండి.

ఈ నియమాలన్నీ కాగితం మీద ఉన్నాయి. ఫిర్యాదు చేసిన పిల్లకు ఇంటర్నల్ మార్కులు తగ్గితే ఎవరు కాపాడతారు? సొంత డిగ్రీలిచ్చే సంస్థలో నర్సింగ్ పెట్టడానికి అనుమతి ఇచ్చేటప్పుడే పేపర్లు దిద్దేవాళ్లలో సగమైనా బయటివాళ్లు ఉండాలని, రాత్రి డ్యూటీ పట్టిక నోటీసు బోర్డు మీద పెట్టాలని, ఆ పట్టికలో విద్యార్థినుల పేర్లు స్టాఫ్ లెక్కలో కలపరాదని మనం అడగాలి. కాలేజీ కట్టాక అడిగితే వినేవాడుండడు.

మీ ఊర్లో ఇటువంటి పిల్లలుంటే మాకు రాయండి. వచ్చేవాళ్లు ఫీజు రసీదులు, చేరిన రోజు ఏయే సర్టిఫికెట్లు అప్పజెప్పారో ఆ జాబితా, వార్డు డ్యూటీ పట్టిక ఫోటో తెచ్చుకోండి. రసీదు ఇవ్వకపోయి ఉంటే, ఇవ్వలేదని తేదీతో సహా ఒక తెల్లకాగితం మీద రాసి సంతకం చేసి తీసుకురండి. యూజీసీ ఉత్తర్వు ప్రతులు మా దగ్గర ఉన్నాయి.