పఠాన్ వేషం ఎవరిది?

నాటకంలో వేషం ఇచ్చేముందు చూడాల్సింది హునర్. పరిషత్తు పోటీల కోసం నాటకాలు కట్టే మన సమాజాలు చాలాసార్లు ముందు పేరు చూస్తాయి. పేరు చూశాక ఇక గొంతు వినే పనుండదు. ఖాన్ అయితే టాంగావాలా, షేక్ అయితే కిల్లీకొట్టు సాయిబు, కాస్త ఒడ్డూపొడుగూ ఉంటే పహిల్వాన్. మరీ మంచి మనసున్న సమాజమైతే ఆఖరి సీన్లో హీరోకి రక్తమిచ్చి కన్నుమూసే దోస్త్.

పేపర్ పనిమీద రిహార్సల్ గదులు చాలానే చూశాను. ఒకచోట ఆడిషన్‌కి మన కుర్రాడొకడు వచ్చి పోస్ట్‌మాస్టర్ కిర్దార్ చదివాడు. అందరూ బాగుందన్నారు. ఆ వెంటనే, "బాబూ, మా దగ్గర సాయిబు పాత్ర ఒకటుంది. నీకు నేచురల్‌గా ఉంటుంది" అన్నారు. నాకు తకలీఫ్ ఆ 'నేచురల్' అన్న మాటతోనే. సాయిబు వేషం మేం వేస్తే పుట్టుక, ఇంకొకరు వేస్తే అదాకారీ!

బళ్లారి రాఘవనే తీసుకోండి. విజయనగర పతనం మీద కోలాచలం శ్రీనివాసరావు రాసిన నాటకంలో ఆయన వేసిన పఠాన్ వేషం గురించి ఈనాటికీ చెప్పుకుంటారు. ఆ హునర్‌కి నేనూ సలాం చేస్తాను. స్థానం నరసింహారావు మగవాడై ఉండి సత్యభామను స్టేజి మీద నడిపించారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. మగవాడు సత్యభామ కాగలిగిన స్టేజి మీద మన కుర్రాడు పోస్ట్‌మాస్టర్ కాలేడా?

దీనికి జవాబు తయారుగా ఉంటుంది: తలఫ్ఫుజ్. "మీవాళ్లకు ళ, ణ పలకవండీ" అంటారు. కొందరికి పలకవు, నిజమే. ఉర్దూలో ఆ అక్షరాలే లేవు. నేను ఉర్దూ మీడియం బడి నుంచి తెలుగు డిగ్రీకి వచ్చినవాణ్ణి, ఆ 'ళ' కోసం ఎంత మెహనత్ పడాలో నాకు తెలుసు. అయితే మెహనత్ పడితే వస్తుంది. రిహార్సల్ ఉన్నదే అందుకు. పక్క జిల్లా యాసను సరిచేయడానికి నెలరోజులు సబర్ పట్టే డైరెక్టర్, మన లెహజా దగ్గరికొచ్చేసరికి మొదటి పేజీలోనే ఫైసలా చెప్పేస్తాడు. అదే సాయిబు వేషం కట్టిన నటుడు ఖుదాను 'కుదా' అన్నా, 'నీకీ, నాకీ' అంటూ మమ్మల్ని నకలు చేసినా హాలంతా చప్పట్లే. అతనికి తలఫ్ఫుజ్ ఇమ్తిహాన్ ఎవరూ పెట్టరు.

నిజానికి తెలుగు స్టేజికి ఇంత ఇరుకు మనసు మొదటినుంచీ లేదు. 1880ల్లో బందరులో నాదెళ్ల పురుషోత్తమ కవి హిందుస్తానీ నాటకాలు తెలుగు లిపిలో రాసి ఆడించారు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు స్టేజి మీద హిందుస్తానీ పలికారు. పిఠాపురం ఉమర్ అలీషా పురాణ కథలతో తెలుగు నాటకాలు రాశారు. షేక్ నాజర్ బుర్రకథలో పల్నాటి యుద్ధం చెబుతుంటే జనం రాత్రంతా కూర్చుని విన్నారు. ఆయనకూ 1986లో పద్మశ్రీ వచ్చింది. ఈ జుబాన్, ఈ స్టేజి మనందరి జాయిదాద్.

మనవాళ్లకూ ఒక మాట. నాటకం పేరెత్తగానే "తౌబా తౌబా" అనే ఇళ్లు మన మొహల్లాల్లో తక్కువేం లేవు. ఆడపిల్ల అడిగితే ఇక చెప్పనే అక్కర్లేదు. ఆడిషన్‌కి హాజరే కాకపోతే కిర్దార్ ఇంటి గడప దాకా నడిచి రాదు. వెళ్లాలి. "మీకు తగ్గ వేషం" అంటే, ఏ రకంగా తగ్గదో అదబ్‌గా అడగాలి.

సమాజాల పెద్దలకు నా దరఖాస్తు చిన్నదే. మొదటి రీడింగ్ పర్దా వెనక పెట్టండి. పేర్లు పిలవకుండా నంబర్లు పిలవండి. ప్రతి ఒక్కరితో రెండు కిర్దార్లు చదివించండి: ఒకటి వాళ్లు కోరుకున్నది, రెండోది వాళ్లకు చాలా దూరంగా ఉండేది. ఒకసారి చదివాక ఒక సలహా చెప్పి, మళ్లీ చదవమనండి. రెండోసారి ఎవరు మారారో వాళ్లే రిహార్సల్‌లో ఎదుగుతారు. దీనికి ఖర్చేమీ లేదు, ఒక దుప్పటి, ఒక సాయంత్రం చాలు.

సాయిబు వేషం మాకొద్దని అనడం లేదు. దానికీ ఇమ్తిహాన్ పెట్టండి. రాఘవలా వేసేవాడు దొరికితే బేఫికర్‌గా అతనికే ఇచ్చేయండి. పోస్ట్‌మాస్టర్ వేషానికి మాత్రం మా కుర్రాణ్ణి రెండో పేజీ కూడా చదవనివ్వండి.