మాటల మూట: బడి స్పానిష్, బజారు స్పానిష్



స్పానిష్ భాషకు పుట్టిల్లు స్పెయిన్ దేశం. కాని దాని సంసారం చాలా పెద్దది. ఈనాడు 20 దేశాల్లో అది అధికారభాష. ఇంత పెద్ద సంసారంలో అందరూ ఒకే తీరుగా మాట్లాడతారా? మాట్లాడరు. క్యూబాలో "గ్వాగ్వా" అంటే బస్సు. చిలీలో "గ్వాగ్వా" అంటే చంటిపాప. "గ్వాగ్వా ఎక్కి బజారుకు వెళ్ళాను" అని క్యూబావాడు చెబితే చిలీవాడు ఏమనుకుంటాడో మీరే ఊహించుకోండి!

అందుచేత ఆ దేశాలకు కాపురం వెళ్ళినవారు స్పానిష్‌ను రెండుసార్లు నేర్చుకోవలసివస్తుంది. ఒకసారి పుస్తకంలో, ఇంకోసారి వీధిలో. ఈ నెల మన మూటలో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్ నగరపు మాటలున్నాయి.

మీ నాన్నగారికో, అమ్మగారికో ఆ ఊళ్ళో ఉద్యోగమయిందనుకోండి. మీరూ వెళ్ళారు. స్పానిష్ వాచకం మొదటినుంచి చివరిదాకా చదివేశారు. "నీ పేరేమిటి?" అనడానికి "కోమొ తె యామాస్" అనాలని మీకు తెలుసు. బడిలో మొదటి రోజున పక్కపిల్లవాడు మీవైపు తిరిగి "కోమొ తె షమాస్?" అన్నాడు. మీరు తెల్లమొహం వేశారు! ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెబితే ఒక స్నేహితుడు దొరికేవాడు. చెప్పకపోతే ఆటల గంటలో గోడవారగా ఒంటరిగా నిలబడాలి.

ఇందులో చిక్కు చాలా చిన్నది. చాలా దేశాల్లో "య" అని పలికే చోట బ్యూనస్ ఎయిర్స్‌వారు "ష" అంటారు. "నేను" అనడానికి పుస్తకంలో "యో", అక్కడ "షో". వీధిని పుస్తకంలో "కాయె" అంటే, అక్కడ "కాషె" అంటారు. ఈ కీలకం తెలిసిందంటే సగం పొగమంచు విడిపోతుంది.

రెండో కీలకం "నువ్వు" అనే మాట. పుస్తకంలో దానికి "తూ" అని ఉంటుంది. బ్యూనస్ ఎయిర్స్‌లో "వోస్" అంటారు, దానితోపాటు క్రియాపదం కూడా కొంచెం మారుతుంది. "వోస్" పూర్వం స్పెయిన్‌లో పెద్దలను గౌరవించే మాట. రానురాను అక్కడ వాడుక తప్పిపోయింది. సముద్రం దాటివచ్చి ఇక్కడ మాత్రం స్నేహితుల మాటగా నిలిచిపోయింది. పెద్దవారిని "ఉస్తెద్" అనాలి. ఇది "వుయెస్త్రా మెర్సెద్" అనే పాతమాట అరిగి అయినది. దానికి "తమ దయ" అని అర్థం. మన "తమరు" లాంటిదే అన్నమాట. నువ్వుకూ మీరుకూ తేడా ఎరిగిన తెలుగుపిల్లలకు ఇది ఒకరు నేర్పనక్కరలేదు.

ఇక వీధిమాటలకు వద్దాం. బస్సును అక్కడివారు "కొలెక్తీవో" అంటారు. 1928లో కొందరు టాక్సీవాళ్ళు ఒక్కొక్కరికి కాక, నలుగురికీ కలిపి బండి నడపడం మొదలుపెట్టారు. కొలెక్తీవో అంటే ఉమ్మడిది అని అర్థం. కాని స్నేహితుల మధ్య అది "బోందీ" అవుతుంది. పొరుగున ఉన్న బ్రెజిల్‌లో ట్రాము బండిని "బోందె" అనేవారు. ఆ మాట ఇంగ్లీషు "బాండు" నుంచి వచ్చిందంటారు. చూశారా, ఒక్క మాట ఎన్ని సరిహద్దులు దాటిందో!

మాటలిలా దాటిరావడానికి కారణం మనుషులు దాటిరావడమే. 19వ శతాబ్దం చివరనుంచీ ఇటలీ, స్పెయిన్ మొదలైన దేశాలనుంచి లక్షల మంది బీదవారు పనికోసం ఓడలెక్కి అర్జెంటీనా చేరారు. 1914 జనాభా లెక్కల్లో బ్యూనస్ ఎయిర్స్ జనంలో సుమారు సగంమంది పరదేశంలో పుట్టినవారే. గదికొక కుటుంబం చొప్పున పెద్ద పెద్ద లోగిళ్ళలో ఇరుక్కుని, ఒకే వాకిట్లో బట్టలుతుక్కుంటూ కాపురాలు చేశారు. ఆ వాకిళ్ళలో ఇటలీ మాటలు స్పానిష్‌లో కలిసిపోయాయి. "పని"కి పుస్తకపు మాట "త్రబాహో". వీధిమాట "లబూరో", ఇటలీవారి "లవోరో" నుంచి వచ్చింది. సెలవు తీసుకునేటప్పుడు అనే "చావ్" కూడా ఇటలీదే. ఒళ్ళు బద్ధకిస్తే "ఫియాకా" అంటారు. అదీ ఇటలీ చుట్టమే.

వీరికంటే ముందునుంచీ ఆ ఖండంలో ఉన్నవారి మాటలూ ఉన్నాయి. చిక్కుడు జాతి గింజలకు "పొరోతో", లేత మొక్కజొన్న కంకికి "చోక్లో" అంటారు. ఇవి ఆండీస్ కొండలవారి కెచువా భాషలోనివి.

ఈ వీధిభాషకు "లుంఫార్దో" అని పేరు. మొదట్లో ఈ పేరుకు "దొంగ" అనే అర్థం! 1894లో అంతోనియో దెయెపియానె అనే న్యాయశాస్త్రవేత్త దీన్ని గురించి ఒక పుస్తకం రాసి, దానికి "నేరభాష" అని పేరుపెట్టాడు. నిజానికి ఆ మాటల్లో చాలావాటిని దొంగలే కాదు, కూలీలూ, బండివాళ్ళూ, చిన్నపిల్లలూ వాడేవారు. 1943లో సైనిక ప్రభుత్వం వచ్చాక రేడియోలో ఇలాంటి మాటలు వినబడరాదన్నారు. టాంగో పాటల్లో ఆ మాటలు తీసేసి వేరే మాటలు పెట్టించారు. అయినా జనం మానలేదు. చివరకు 1962లో ఈ మాటలను సేకరించి, పరిశోధించడానికి ఆ నగరంలోనే ఒక అకాడమీ వెలసింది.

ఇందులో పిల్లలకు నచ్చే వేడుక ఒకటుంది. మీరు ప్రతి అక్షరానికీ ముందు "క" చేర్చి "కనేకను" అని క-భాష మాట్లాడుకుంటారు కదా? వాళ్ళు మాటను వెనకనుంచి ముందుకు తిప్పుతారు. "టాంగో" తిరగబడితే "గోటాన్". స్నేహితుడు "అమీగో" కాస్తా "గోమీఅ" అవుతాడు. మరి "కఫే" అంటే కాఫీ, "కొన్" అంటే తో, "లేచె" అంటే పాలు. హోటల్లో ఒకాయన "ఫేకా కొన్ చేలె" తెమ్మంటే ఏం తేవాలో చెప్పుకోండి!

ఇంతకూ ఇవన్నీ నేర్చుకోవడమెలా? ముందు చెవులు, తరువాత నోరు. ఒక చిన్న నోటుబుక్కు జేబులో ఉంచుకుని విన్న మాటనూ, అది ఎవరు ఎవరితో అన్నారో కూడా రాసుకోవాలి. స్నేహితుడు స్నేహితుడితో అన్న మాట మేష్టారితో అనకూడదు. తెలియకపోతే "కే కియేరె దెసీర్?" అని అడగండి. "అంటే ఏమిటి?" అని దానికి అర్థం. అలా అడిగితే ఎవరూ కోప్పడరు, పైగా సంతోషంగా చెబుతారు. పెద్దలతో "ఉస్తెద్"తోనే మొదలుపెట్టాలి. వీధిమాట ముద్దుపేరు లాంటిది. అర్థం ముందే తెలియాలి గాని, చనువు ఏర్పడిన తరువాతే పలకాలి.

చనువుకు గుర్తయిన మాట ఒకటుంది: "చే". మన "ఒరేయ్", "ఇదుగో" లాంటిది. 1928లో అర్జెంటీనాలోని రొసారియోలో పుట్టిన ఎర్నెస్తో గెవారా మాటిమాటికీ "చే" అనేవాడు. క్యూబా స్నేహితులు నవ్వి అదే అతనికి పేరుగా పెట్టారు. తరువాత అతను క్యూబా జాతీయ బ్యాంకుకు అధ్యక్షుడయినప్పుడు కరెన్సీ నోట్ల మీద సంతకం కూడా "చే" అనే పెట్టాడు!

పిల్లలూ, ఇలాంటి కొత్తపిల్లవాణ్ణి చూడడానికి బ్యూనస్ ఎయిర్స్ దాకా వెళ్ళనక్కరలేదు. రేపు మీ తరగతిలోనే ఒకడు చేరవచ్చు. శ్రీకాకుళం పిల్లవాడు "ఏటి సేస్తన్నావ్" అంటాడు. వరంగల్లు పిల్లవాడు "ఏం జేస్తున్నవ్" అంటాడు. కడప పిల్లవాడు "ఏం జేస్తాండావు" అంటాడు. మీరు పకపకా నవ్వారో, వాడు ఇక నోరు తెరవడు. వాడి మూటలోని మాటలు మీకు దక్కవు. తమ ఊరి మాటలు దొంగమాటలు కావని ఒప్పుకోవడానికి బ్యూనస్ ఎయిర్స్‌వారికి చాలా ఏళ్ళు పట్టింది. మనకు ఒక్క ఆటల గంట చాలదూ? వాడి పక్కన కూర్చుని, "మీ ఊళ్ళో దీన్నేమంటారు?" అని అడగండి.

అన్నట్టు, ఆ హోటలాయన అడిగింది పాలు కలిపిన కాఫీ!