ఆస్పత్రి గడప దాటాక భారమంతా ఇంటివారిదే

న్యూఢిల్లీ: డెబ్భై ఏళ్లు నిండిన వృద్ధులందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో విస్తరించిన సంగతి విదితమే. కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు లభించే ఈ రక్షణ ప్రధానంగా ఆస్పత్రిలో చేరిన రోగులకే పరిమితం. డిశ్చార్జి అనంతరం అయ్యే ఖర్చును 15 రోజుల వరకే పథకం భరిస్తుంది. అసలు సమస్య ఆ తర్వాతే మొదలవుతుంది.

పక్షవాతంతో మంచాన పడిన వ్యక్తికి వేళకు మందులు ఇవ్వడం, ఒరుసుకుపోయి పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం, మూత్రపు గొట్టాన్ని శుభ్రంగా ఉంచడం భార్యో, కోడలో, కూతురో చేయవలసి వస్తోంది. ఈ పనులు వారికి నేర్పేవారు తక్కువ. నరాల వైద్యుడు ఏమి రాశారో గుండె వైద్యునికి చెప్పవలసిన బాధ్యత కూడా కాగితాల సంచీ మోసే ఇంటివారిదే. 2011 జనాభా లెక్కల ప్రకారమే దేశంలో అరవై ఏళ్లు దాటినవారు 10 కోట్లకు పైబడ్డారు. పిల్లలు ఉపాధికై వలస వెళ్లిన ఇళ్లలో ఒక వృద్ధురాలే మరొక వృద్ధునికి దిక్కవుతున్నది.

ఈ విషయంలో కేరళ అనుభవం గమనార్హం. కోజికోడ్‌లో 1993లో ప్రారంభమైన ఉపశమన చికిత్సా సేవ క్రమంగా స్థానిక వాలంటీర్ల ఉద్యమంగా విస్తరించింది. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం ఇందుకై ప్రత్యేక విధానాన్ని ప్రకటించి, పంచాయతీలకు బాధ్యత అప్పగించింది. శిక్షణ పొందిన నర్సు ఇంటికి వెళ్లి రోగిని చూడడమే గాక, ఇంటివారికి పనులు నేర్పుతుంది. అవసరమైతే వైద్యునికి కబురు చేస్తుంది. తెలంగాణలోనూ కొన్ని జిల్లాలలో 'ఆలన' వాహనాల ద్వారా ఇంటివద్ద ఇటువంటి సేవలు ప్రారంభమయ్యాయి.

ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలు అందించవలసిన సేవల జాబితాలో వృద్ధుల సంరక్షణ, ఉపశమన చికిత్స ఇప్పటికే ఉన్నాయి. కనుక కొత్త పథకం కన్నా, ఉన్నవాటిని కలిపే మనిషి అవసరం. డిశ్చార్జి నాడే ఆస్పత్రి నుంచి స్థానిక నర్సుకు సమాచారం అందాలి. మందులన్నీ ఒకే పత్రంలో ఉండాలి. సేవ చేసేవారికి అప్పుడప్పుడు విశ్రాంతి లభించాలి. ఇంటివారి సేవకు జీతం లేదు గనుక ఏ బడ్జెట్‌లోనూ అది ఖర్చుగా కనిపించదు. వారు కూడా మంచాన పడిన నాడు మాత్రం ఆ ఖర్చు రెట్టింపవుతుంది.