శ్రమజీవి: కార్డు మీద తేదీ

తెల్లవారి ఆరున్నర గంటలకు హైదరాబాదులోని ఏ కూలీల అడ్డాకు వెళ్లినా ఒకే దృశ్యం కనిపిస్తుంది. తాపీమేస్త్రీలు, సెంట్రింగు పనివారు, తట్టలు మోసే స్త్రీలు రోడ్డు వారగా నిలబడి గుత్తేదారు మనుషుల కోసం ఎదురుచూస్తుంటారు. వచ్చినవాడు అడిగే ప్రశ్నలు సాధారణంగా రెండే: ఏ పని వచ్చు? ఎంత కూలి? ఎత్తున పనిచేయడంలో శిక్షణ పొందావా, ఎప్పుడు పొందావు, నీ కార్డు గడువు ఎప్పటితో ముగుస్తుంది అని అడిగేవారు అరుదు. అడగని ఆ ప్రశ్నల విలువ ప్రమాదం జరిగిన నాడు గాని తెలిసిరాదు.

భవన, ఇతర నిర్మాణ కార్మికుల కోసం మనదేశంలో ప్రత్యేక చట్టం 1996లో వచ్చింది. దానికి కేంద్ర నియమావళి 1998లో ఏర్పడింది. క్రేను వంటి బరువులెత్తే యంత్రాన్ని ఏడాదికి ఒకసారైనా అర్హుడైన నిపుణుడు క్షుణ్ణంగా పరీక్షించాలని ఆ నియమావళి ఆదేశించింది. యంత్రాన్ని నడిపేవానికి 40 ఏళ్లు వచ్చేవరకు రెండేళ్లకొకసారి, ఆ తరువాత ఏటేటా వైద్యపరీక్ష జరగాలన్నది. ఇనుప తాడు అరుగుతుంది, మనిషి చూపు మందగిస్తుంది, నిన్నటి యోగ్యత నేటికి చాలకపోవచ్చు. గడువు తేదీ అనే ఏర్పాటు వెనుక ఉన్న ఆలోచన ఇదే.

అయితే యంత్రానికీ మనిషికీ ఒక భేదమున్నది. క్రేను ఒకచోటి నుండి మరొకచోటికి తరలినప్పుడు దాని కాగితాలు వెంట వెళతాయి. యజమాని ఒక్కడే గనుక అవి భద్రంగా ఉంటాయి. కార్మికుని సంగతి అట్లా కాదు. ఈ నెల ఒక మేస్త్రీ వద్ద, వచ్చే నెల మరొక గుత్తేదారు వద్ద, ఆపైన మరొక రాష్ట్రంలో. అతడు పొందిన శిక్షణ వివరం పాత స్థలపు రిజిస్టరులోనే మిగిలిపోతుంది. ఆనకట్టలు కట్టడానికి దేశమంతటా తరలివెళ్లిన పాలమూరు కూలీలు తరతరాలుగా సంపాదించిన నేర్పుకు కాగితం మీద మిగిలిన సాక్ష్యం బహు స్వల్పం.

శిక్షణ పత్రం ఒక్కటే కాదు, సంక్షేమ మండలి సభ్యత్వానికీ గడువున్నది. 1996 చట్టం ప్రకారం 18 నుండి 60 ఏళ్ల లోపు వయసుండి, గడచిన 12 నెలలలో 90 రోజులైనా నిర్మాణపు పని చేసినవారు లబ్ధిదారులుగా నమోదు కావచ్చును. చందా ఏడాదిపాటు ఎడతెగక చెల్లించనివారు లబ్ధిదారులు కాకుండా పోతారని కూడా అదే చట్టం చెప్పింది. తగిన కారణం చూపి బకాయి కడితే సభ్యత్వం తిరిగి లభించే వీలు ఆ చట్టంలో ఉండేది. కాని సారువ మీది నుండి పడి మరణించినవాడు బకాయి కట్టుకోలేడు. భర్త పెట్టెలో దొరికిన కార్డు పట్టుకొని కార్యాలయానికి వెళ్లిన ఇల్లాలికి, గడువు దాటిందన్న మాట ఎంతటి అశనిపాతమో ఊహించుకోవచ్చు.

నిధులు లేక ఈ దుస్థితి కలిగిందనడానికి వీలులేదు. నిర్మాణ వ్యయంలో నూటికి ఒక రూపాయి చొప్పున సెస్సు వసూలవుతూ వచ్చింది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు తన తీర్పులో లెక్క చెప్పింది: వసూలైనది 37,400 కోట్ల రూపాయలకు పైగా, వినియోగమైనది సుమారు 9,500 కోట్లు. సొమ్ము ఖజానాలో ఉన్నది, అర్హులు అడ్డాలో ఉన్నారు. నడుమ లోపించినది నమోదు.

ఇతర నగరాలు ఈ సమస్యను వేరొక దారిలో ఎదుర్కొన్నాయి. హాంకాంగులో నిర్మాణ కార్మికుడు భద్రతా శిక్షణ పొంది తీసుకునే పత్రాన్ని పచ్చకార్డు అంటారు. దాని గడువు మూడేళ్లకు మించదు. న్యూయార్కు నగరం 2017లో చేసిన చట్టం పెద్ద నిర్మాణాలలో కార్మికునికి 40 గంటల శిక్షణ విధించింది. ఆ కార్డు ఐదేళ్లు చెల్లుతుంది. పునరుద్ధరణకు మరల 8 గంటల పాఠం వినాలి. రెండుచోట్లా కార్డు ఉండేది కార్మికుని జేబులో. స్థలం మారినా అది అతని వెంటే ఉంటుంది.

మనదేశంలో 2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చి పాత చట్టం స్థానాన్ని ఆక్రమించాయి. 90 రోజుల నిబంధన కొనసాగింది. పనిలో చేరినవారికి నియామక పత్రం ఇవ్వాలన్న నియమం చేరింది. నియమం ఎంత మంచిదైనా దానిని అమలుచేసేది స్థలం గేటు వద్ద కూర్చున్న గుమాస్తాయే.

అతడు చేయవలసినది కష్టమైన పని కాదు. ప్రతి కార్మికుని పేరుకెదురుగా మూడు తేదీలు వ్రాయాలి: శిక్షణ పొందిన తేదీ, వైద్యపరీక్ష తేదీ, సభ్యత్వం ముగిసే తేదీ. పేర్ల వరుసలో గాక గడువు ముగిసే నెలల వరుసలో పట్టిక కట్టితే, రాబోయే నెలలో ఎవరి వంతో పుట తిప్పగానే తెలుస్తుంది. నెల ముందే హెచ్చరిక చేయాలి. గడువు దాటినవారిని పనిమానిపించడం న్యాయం కాదు. శిక్షణ ముగిసేవరకు నేలమీది పని అప్పగిస్తే కూలీ పోదు, ప్రాణమూ నిలుస్తుంది. స్థలం విడిచి వెళ్లేటప్పుడు పత్రాల నకలు అతని చేతికే ఇవ్వాలి.

ఒక హెచ్చరిక మాత్రం అవసరం. వేలిముద్ర శిక్షణకు సాక్ష్యం కాదు. ఒడిశా నుండి వచ్చిన కూలీకి అర్థంకాని భాషలో గంటసేపు ఉపన్యసించి సంతకం తీసుకుంటే రిజిస్టరు నిండుతుంది గాని, నడుముకు కట్టిన సేఫ్టీ బెల్టు కొక్కెం దేనికి తగిలించాలో అతనికి తెలియదు. అతని భాషలో చెప్పి, అతని చేత చేయించి చూసిన తరువాతనే తేదీ వేయడం ధర్మం.

ఇంటికి శంకుస్థాపన చేసేముందు పంచాంగం తెరచి ముహూర్తం చూడనివారు మనలో అరుదు. ఆ పునాదిలోకి దిగే మనిషి కార్డు మీద తేదీ చూడడానికి అరనిమిషం చాలు.